యూరప్ ఇంటికి స్మార్ట్ వస్తువులు: కొనేముందు మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీకి వచ్చి పన్నెండేళ్ళయింది. రెండు అద్దె ఇళ్ళు మారి ఇప్పుడొక పాత బిల్డింగులో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. మూడింట్లోనూ లైట్లు, హీటర్లు, షట్టర్లు కొద్దికొద్దిగా ఆటోమేట్ చేసుకుంటూ వచ్చాను. శని, ఆదివారాలు వస్తే ఐండ్‌హోవెన్ నుంచో డబ్లిన్ నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "ఫలానాది ఆఫర్‌లో ఉంది, కొనమంటావా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళు మారినా ప్రశ్నలు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఏ కంపెనీ వస్తువులు కొనాలి?

కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ ఇంటి గోడ చూడండి. ప్లగ్ పాయింట్ ఏ రకం, స్విచ్ వెనక పెట్టె గుండ్రమా చదరమా, దాని లోతెంత, లోపల న్యూట్రల్ తీగ ఉందా లేదా, హీటర్ వాల్వ్ ఏ కొలత, తలుపు తాళం ఎలాంటిది. ఈ అయిదారు విషయాలు తెలిస్తే కొనకూడనివి సగం వాటంతటవే పక్కకు పోతాయి. యూరప్ అంటే ఒకే మార్కెట్ అనుకుంటాం గానీ గోడ లోపల మాత్రం ఒక్కో దేశానిది ఒక్కో లోకం. అమెరికా వీడియో చూసి మోజుపడి ఆర్డర్ పెట్టేసి, వచ్చాక స్విచ్ పెట్టెలో పట్టక తిప్పి పంపినవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు.

ఇండియా వెళ్ళినప్పుడు అక్కడ చవకగా కొని తెచ్చుకోవచ్చా? అమెరికా నుంచి అన్నయ్య తెస్తానంటున్నాడు...

కరెంటు విషయంలో ఇండియాకీ యూరప్‌కీ పేచీ లేదు, రెండుచోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మనం తెచ్చుకున్న వెట్ గ్రైండర్, మిక్సీ ఇక్కడ హాయిగా తిరగడానికి కారణం అదే. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి స్మార్ట్ ప్లగ్ గానీ బల్బు గానీ ఇక్కడ పెడితే చాలావరకు కాలిపోవడమే, దాని గురించి ఇక ఆలోచించొద్దు.

అసలు చిక్కు కరెంటుతో కాదు, రేడియోతో. జెడ్-వేవ్ అనే పద్ధతి ఉంది, సెన్సర్లకు, స్విచ్‌లకు బాగా వాడతారు. అది యూరప్‌లో 868.4 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 908.4 దగ్గర, ఇండియాలో 865.2 దగ్గర పనిచేస్తుంది. పెట్టె మీద పేరొకటే, బొమ్మ ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే, కానీ ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. కొత్తలో మా స్నేహితుడొకడు అమెరికా నుంచి వస్తూ ప్రేమగా నాలుగు డోర్ సెన్సర్లు తెచ్చాడు. బ్యాటరీవే కదా, వోల్టేజీ గొడవ లేదు కదా అని నేనూ సంతోషించాను. ఒక సాయంత్రమంతా హబ్ (సెన్సర్లన్నిటినీ కలిపి నడిపే పెట్టె) పక్కనే నేల మీద కూర్చుని బటన్ నొక్కుతూనే ఉన్నాను, సెన్సర్ మీద చిన్న లైటు మెరుస్తోంది, హబ్ మాత్రం "ఏ పరికరమూ దొరకలేదు" అనే అంటోంది. రాత్రి పదింటికి సెన్సర్ వెనక స్టిక్కర్ మీద 908 అని చదివాక గానీ అర్థం కాలేదు. సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకునే సంగతి కాదిది. పైగా ఇక్కడ ఆ ఫ్రీక్వెన్సీ వాడటం చట్టప్రకారం కూడా తప్పే.

జిగ్బీ, థ్రెడ్, వైఫై, బ్లూటూత్‌లకు ఈ బాధ లేదు, ప్రపంచమంతా 2.4 గిగాహెర్ట్జే వాడతాయి. కాబట్టి బ్యాటరీతో నడిచే జిగ్బీ సెన్సర్ ఎక్కడ కొన్నా రేడియోపరంగా పనిచేస్తుంది. అయితే కొన్ని యాప్‌లు వస్తువు ఏ దేశం మార్కెట్‌కు తయారైందో చూసి, వేరే ప్రాంతం అకౌంట్‌లో చేర్చుకోవు. ఇండియాలో కొన్న బల్బులకు ఇంకో సమస్య. మన ఇళ్ళలో పిన్నులుండే బి22 హోల్డర్లే ఎక్కువ. ఇంగ్లండ్, ఐర్లండ్ ఇళ్ళలో అవి పడతాయి, జర్మనీ, నెదర్లాండ్స్‌లో అంతా తిప్పి బిగించే ఈ27, ఈ14. కొసరుకు పోతే అసలుకే ఎసరన్నట్టు, నాలుగు యూరోలు మిగులుతాయని వారంటీ లేని వస్తువు మోసుకురావడంలో లాభమేమీ లేదని నా ఉద్దేశం. గ్రైండర్ తెచ్చుకోండి, సెన్సర్లు ఇక్కడే కొనుక్కోండి.

జిగ్బీ, జెడ్-వేవ్, థ్రెడ్, మ్యాటర్, వైఫై... వీటిలో ఏది ఎంచుకోవాలి?

వైఫై వస్తువులకు హబ్ అక్కర్లేదు, నేరుగా రౌటర్‌కే కలుస్తాయి. అయిదారు వస్తువుల వరకు అదే సుఖం. దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి కాబట్టి రౌటర్‌లో అది ఆపేసి ఉంటే కలవవు. బ్యాటరీతో నడిచే వాటికి వైఫై అంత మంచిది కాదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

జిగ్బీ, థ్రెడ్ రెండూ తక్కువ కరెంటుతో నడిచే మెష్ నెట్‌వర్క్‌లు. గోడకు పెట్టిన ప్లగ్గులు, బల్బులు మాటను ఒకదాని నుంచి ఒకదానికి అందిస్తూ ఇల్లంతా పాకిస్తాయి. బ్యాటరీవి మాత్రం అందించవు. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది ఇరవై సెన్సర్లు, ఒక్క హబ్ కొని, చివరి గదిలో పలకడం లేదని బాధపడతారు. మధ్యలో ఒక జిగ్బీ ప్లగ్ పెడితే సరిపోతుంది. జిగ్బీ, వైఫై రెండూ ఒకే గాలిలో తోసుకుంటాయి కాబట్టి హబ్‌ను రౌటర్ నెత్తిన పెట్టకుండా ఒక మీటరైనా దూరం పెట్టండి. మీ వైఫై 1, 6 లేదా 11 ఛానల్‌లో ఉంటే జిగ్బీని 25వ ఛానల్‌లో పెట్టుకుంటే గొడవ తగ్గుతుంది.

868 మెగాహెర్ట్జ్ వాడేవి జెడ్-వేవ్, ఎన్‌ఓషన్, జర్మనీలో బాగా కనిపించే హోమ్‌మ్యాటిక్ ఐపీ. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి మందపాటి రాతిగోడలు, కాంక్రీటు స్లాబులు దాటడంలో వీటిదే పైచేయి. మా పాత బిల్డింగు గోడ దాదాపు అర మీటరు మందం, అక్కడ తేడా బాగా తెలుస్తుంది. ఎన్‌ఓషన్ స్విచ్‌లకు బ్యాటరీ కూడా ఉండదు, మనం నొక్కిన నొక్కుడులోంచే దానికి కావలసిన శక్తి పుడుతుంది.

జర్మనీలో ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్ ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. అది ఇంటి కార్డ్‌లెస్ ఫోన్లు వాడే డెక్ట్ రేడియోతోనే ప్లగ్గులను, హీటర్ వాల్వ్‌లను నడుపుతుంది. చిన్న ఇంటికి, పెద్దగా తలనొప్పి వద్దనుకునేవాళ్ళకు చాలు. కాకపోతే రేపు రౌటర్ మారిస్తే అవన్నీ మూలన పడతాయి.

నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు జిగ్బీ, దానితోపాటు మ్యాటర్ (దాని సంగతి కింద చెప్తాను). సొంతిల్లు మొదటినుంచీ కట్టుకుంటున్నవాళ్ళు మాత్రం కేఎన్ఎక్స్ గురించి ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. యూరప్‌లోనే పుట్టిన వైర్డ్ పద్ధతి, 1990 నుంచి ఉంది, ఎన్నో కంపెనీల వస్తువులు ఒకే తీగ మీద మాట్లాడుకుంటాయి. ఖర్చెక్కువ, ముప్పై ఏళ్ళు నిలుస్తుంది. గోడలు పూశాక గుర్తొస్తే లాభం లేదు.

మ్యాటర్ గుర్తు ఉంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చా?

చాలావరకు ధైర్యంగా కొనొచ్చు, కళ్ళు తెరుచుకునే కొనండి. మ్యాటర్ మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. ఆపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అన్నీ ఒప్పుకున్న ఉమ్మడి భాష అది. ఒకే బల్బును ఇంట్లో ఒకరు ఐఫోన్ నుంచి, ఇంకొకరు ఆండ్రాయిడ్ నుంచి నడపొచ్చు, ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి నెట్‌వర్క్‌లోనే పనిచేస్తుంది.

పెట్టె మీద మ్యాటర్ గుర్తు పక్కన వైఫై గుర్తుందా, థ్రెడ్ గుర్తుందా చూడండి. థ్రెడ్ అయితే ఇంట్లో బోర్డర్ రౌటర్, అంటే థ్రెడ్ వస్తువులను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపేది, ఉండాలి. ఆపిల్ హోమ్‌పాడ్ మినీ, గూగుల్ నెస్ట్ హబ్ రెండో తరం లాంటివి ఆ పని చేస్తాయి. అది లేకుండా థ్రెడ్ సెన్సర్ కొంటే పెట్టెలోనే ఉంటుంది. రెండోది, మ్యాటర్ ఐపీవీ6 (నెట్‌వర్క్ అడ్రసుల కొత్త పద్ధతి) మీద నడుస్తుంది. రౌటర్‌లో అది ఆపేసినా, ఫోన్ ఒక నెట్‌వర్క్‌లో, వస్తువు గెస్ట్ వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనపడవు. మూడోది, కంపెనీ సొంత యాప్‌లో ఉండే ప్రత్యేక సదుపాయాలన్నీ మ్యాటర్ ద్వారా రావు, ఆన్, ఆఫ్, వెలుగు, రంగు లాంటి ముఖ్యమైనవే వస్తాయి.

ఇప్పటికే జిగ్బీ బల్బులున్నాయా? పారేయక్కర్లేదు. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జి, ఐకియా డిరిజెరా లాంటివి తమ జిగ్బీ వస్తువులను మ్యాటర్‌లోకి అనువదించి చూపిస్తాయి.

స్విచ్ వెనక చిన్న మాడ్యూల్ పెడితే చాలంటున్నారు. నేనే పెట్టుకోనా? ఇంటి దగ్గర ఫ్యాన్ రెగ్యులేటర్లు మార్చిన అనుభవం ఉంది.

దీనికి కాస్త పెద్ద జవాబే రాయాలి, దయచేసి మొత్తం చదవండి.

షెల్లీ అనే బల్గేరియా కంపెనీవి, ఫిబారో అనే పోలండ్ పేరుతో వచ్చేవి, ఇంకా చాలా రకాల మాడ్యూళ్ళు ఉన్నాయి. అగ్గిపెట్టె కన్నా చిన్నవి. పాత స్విచ్ అలాగే ఉంటుంది, వెనక ఇది దూరుతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, ఎందుకంటే గోడ మీద ఏమీ మారదు. కానీ జర్మనీలో స్థిరమైన వైరింగ్ మీద పనిచేసే హక్కు రిజిస్టరైన ఎలక్ట్రీషియన్లకే ఉంది. అగ్నిప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఎవరు బిగించారనే.

చట్టం పక్కన పెట్టినా మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది, అది తీగల రంగులు. ఇండియాలో మనకు చిన్నప్పటినుంచీ అలవాటు: ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇప్పటి యూరప్ రంగుల్లో బ్రౌన్ లేదా నలుపు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్త్. అంటే మనం న్యూట్రల్ అనుకునే నలుపు ఇక్కడ ఫేజ్. 1960ల నడుమ దాకా కట్టిన జర్మన్ ఇళ్ళలో అయితే ఇంకా ఘోరం, అక్కడ నలుపు ఫేజ్, బూడిద రంగు న్యూట్రల్, ఎరుపు ఎర్త్!

మా ఫ్లాట్ కొన్న కొత్తలో వంటగది సీలింగ్ లైటు విప్పితే కొక్కెం పక్కనుంచి మూడు తీగలు వేలాడాయి. గుడ్డ చుట్టిన పాతకాలం తీగలు, దుమ్ము పట్టి ఒకటి నలుపు, ఒకటి బూడిద, ఒకటి వెలిసిపోయిన ఎరుపు. నా చెయ్యి ఎరుపు వైపే వెళ్ళింది, అదే ఫేజ్ అని మనసులో ఖాయం చేసేసుకున్నాను. నిచ్చెన కింద నిలబడ్డ ఎలక్ట్రీషియన్ పెద్దాయన నా చేతి మీద చెయ్యి వేసి ఆపి, రెండు మొనల టెస్టర్ తీసి ఒక్కొక్క జతా కొలిచి చూపించాడు. నలుపులో 230. పాత అలవాటుతో నలుపును న్యూట్రల్ అనుకుని, ఎరుపును ఫేజ్ అనుకుని కలిపి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాడాయన: తర్వాతికాలంలో ఎవరో ఆ ఎర్ర తీగనే లైటుకు వెళ్ళే ఫేజ్‌గా వాడేసి ఉండొచ్చు, కాబట్టి రంగును నమ్మొద్దు, కొలతనే నమ్ము అని.

బ్రిటన్ పాత ఇళ్ళలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, అంటే మనలాగే. 2004 నుంచి అక్కడా కొత్త యూరప్ రంగులు మొదలై 2006లో తప్పనిసరయ్యాయి. ఒకే ఇంట్లో పాత గదిలో ఒక రంగులు, తర్వాత కట్టిన గదిలో ఇంకో రంగులు ఉంటాయి. అందుకే నేను ఎలక్ట్రీషియన్‌ను పిలవండి అనే అంటాను. నాలుగైదు మాడ్యూళ్ళు కొని పెట్టుకుని ఒకేసారి పిలిస్తే ఖర్చు కలిసొస్తుంది.

స్విచ్ పెట్టెలో న్యూట్రల్ లేదన్నారు. అయితే ఇక కుదరదా?

కుదురుతుంది. పాత ఇళ్ళలో స్విచ్ దగ్గరికి ఫేజ్ వచ్చి, లైటుకు తిరిగి వెళ్తుంది, న్యూట్రల్ నేరుగా సీలింగ్‌కే పోతుంది. ముఖ్యంగా బ్రిటన్, ఐర్లండ్ ఇళ్ళలో ఇది మామూలే. మాడ్యూల్‌కు తాను బతకడానికి న్యూట్రల్ కావాలి. అది లేకుండా నడిచేవి విడిగా అమ్ముతారు, షెల్లీలోనూ, అకారా అనే ఇంకో కంపెనీలోనూ ఉన్నాయి. అవి బల్బు గుండానే కొద్ది కరెంటు తీసుకుంటాయి కాబట్టి చిన్న ఎల్ఈడీ బల్బులు ఆపినా మసకగా వెలగడం, మినుకుమినుకుమనడం ఉంటుంది. దానికి బైపాస్ అనే చిన్న ముక్క లైటు దగ్గర పెడతారు. ఇంకో మార్గం, మాడ్యూల్‌నే సీలింగ్‌లో లైటు దగ్గర పెట్టడం, అక్కడ న్యూట్రల్ ఉంటుంది కదా.

ఇదంతా వద్దనుకుంటే స్మార్ట్ బల్బు, దానికో వైర్‌లెస్ బటన్.

జర్మనీలో ఫ్రెండ్ పెట్టుకున్న స్మార్ట్ స్విచ్ లండన్‌లో మా ఇంటికి సరిపోతుందా?

సరిపోదు. జర్మనీది 60 మిల్లీమీటర్ల గుండ్రటి పెట్టె, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌వి కూడా గుండ్రమే, కొద్దిపాటి తేడాలతో. బ్రిటన్, ఐర్లండ్‌లో చదరపు పెట్టె, పైన ప్లేటు 86 మిల్లీమీటర్లు. ఇటలీలో అడ్డంగా ఉండే దీర్ఘచతురస్రం, అందులో మూడు స్విచ్ ముక్కలు వరసగా కూర్చుంటాయి. స్విట్జర్లండ్, డెన్మార్క్ దేశాలకు సొంత కొలతలు. "యూరోపియన్ మోడల్" అని రాసి ఉంటే అది గుండ్రటి పెట్టె అనే అర్థం చేసుకోండి.

లోతు కూడా ముఖ్యం. బ్రిటన్‌లో లైటు స్విచ్‌ల వెనక పెట్టె కొన్ని ఇళ్ళలో 16 మిల్లీమీటర్లే ఉంటుంది, అందులో మాడ్యూల్ ఎక్కడ పడుతుంది? 35 ఉంటే నయం. జర్మనీలో కొత్తగా పెట్టిస్తుంటే 60 మిల్లీమీటర్లకు పైగా లోతుండే పెట్టెలే వేయమని అడగండి, రేట్లో పెద్ద తేడా ఉండదు.

ప్లగ్గుల సంగతీ అంతే. జర్మనీ, నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్పెయిన్, స్వీడన్‌లలో షూకో, అంటే రెండు గుండ్రటి పిన్నులు, పక్కల ఎర్త్ పట్టీలు ఉండే రకం. ఫ్రాన్స్, బెల్జియం, పోలండ్, చెక్‌లో సాకెట్ నుంచి ఎర్త్ పిన్ను పొడుచుకొచ్చి ఉంటుంది. రెండింటికీ పట్టే ప్లగ్గులున్నా, స్మార్ట్ ప్లగ్ ముందు భాగంలో సాకెట్ ఏ రకమో చూసుకోవాలి. డెన్మార్క్ సొంత సాకెట్‌లో షూకో ప్లగ్ దూరుతుంది గానీ ఎర్త్ కలవదు, వాషింగ్ మెషీన్ లాంటి వాటికి అది ప్రమాదం.

స్మార్ట్ ప్లగ్‌కి ఎంత లోడ్ ఇవ్వొచ్చు? గ్రైండర్, రూమ్ హీటర్ పెట్టొచ్చా?

ప్లగ్ వెనక ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 16 అయితే 230తో గుణిస్తే 3680 వాట్లు, 10 అయితే 2300 వాట్లే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 2000 వాట్ల రూమ్ హీటర్ గంటల తరబడి 10 ఆంపియర్ల ప్లగ్ మీద నడిపితే వేడెక్కుతుంది, నేనైతే పెట్టను. గ్రైండర్, మిక్సీ వాట్లు తక్కువే గానీ మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, ఆ దెబ్బకు లోపలి రిలే (కరెంటును కలిపి, తెంచే భాగం) అతుక్కుపోయి ఆఫ్ నొక్కినా ఆగని పరిస్థితి రావచ్చు. పైగా చెయ్యి పెట్టి పిండి తోసే యంత్రాన్ని ఫోన్ నుంచి ఆన్ చేసే వీలు ఇంట్లో ఉండనే కూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

షూకో ప్లగ్‌ను ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి, స్మార్ట్ ప్లగ్ ఆఫ్ చేసినప్పుడు ఫేజ్ కాకుండా న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అందుకని యాప్‌లో ఆఫ్ చేసి టేబుల్ లైటు విప్పకండి, ప్లగ్ పీకండి.

హీటర్ బిల్లు తగ్గించాలి. ఏ వాల్వ్ కొనాలి?

డబ్బు నిజంగా వెనక్కి వచ్చేది ఇక్కడే. లైట్లు సరదా, హీటింగ్ అవసరం.

రేడియేటర్ ఉన్న ఇల్లయితే, ఒకటి నుంచి అయిదు అంకెలుండే ఆ గుండ్రటి తలను తీసేసి బ్యాటరీ తల పెడతారు. ఇది అద్దె ఇంట్లో కూడా చెయ్యొచ్చు, నీళ్ళు కారవు, ప్లంబర్ అక్కర్లేదు. తలను పూర్తిగా 5కి తిప్పి, మెడ దగ్గరున్న రింగు వదులు చేస్తే ఊడి వస్తుంది. లోపల చిన్న పిన్ను కనిపిస్తుంది, దాన్ని ఏదైనా గట్టి వస్తువుతో నొక్కితే లోపలికి వెళ్ళి తిరిగి రావాలి. వేసవంతా కదలక బిగుసుకుపోయి ఉంటే కొత్త తల ఎంత ఖరీదైనదైనా పనిచేయదు. ముందు నాలుగైదుసార్లు నొక్కి వదిలి కదిలించండి. ఎక్కువ వాల్వ్‌ల మర ఎం30, 1.5 పిచ్, అంటే 30 మిల్లీమీటర్ల వ్యాసం, మరకూ మరకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు. డాన్‌ఫాస్ కంపెనీ వాల్వ్‌లవి వేరే, వాటికి అడాప్టర్లు కావాలి, చాలా పెట్టెల్లో ఇచ్చే ఉంటారు. ఆర్డర్ పెట్టేముందు ఒక తల విప్పి ఫోటో తీసుకోవడం మేలు.

రేడియేటర్ మధ్యలో చిన్న తెల్ల డబ్బా ఉంటే దాన్ని ముట్టుకోకండి, అది వేడి ఖర్చు లెక్క కట్టేది. విప్పిన పాత తలలన్నీ ఒక సంచిలో గది పేరు రాసి దాచండి.

నెదర్లాండ్స్, బ్రిటన్, ఐర్లండ్‌లలో ఇంటికి సొంత గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అక్కడ గోడ థర్మోస్టాట్ బాయిలర్‌తో ఏ భాషలో మాట్లాడుతుందో చూడాలి. కొన్ని ఆన్, ఆఫ్ మాత్రమే చేస్తాయి, కొన్ని ఓపెన్‌థర్మ్ అనే పద్ధతిలో నీళ్ళు ఎంత వేడెక్కాలో కూడా చెప్పగలవు. మీ బాయిలర్‌కు ఓపెన్‌థర్మ్ ఉంటే అది తెలిసిన థర్మోస్టాటే కొనండి, మంట ఎక్కువ తక్కువలు సర్దుకుని గ్యాస్ ఆదా అవుతుంది. బాయిలర్ మోడల్ నంబరు ముందు మూత లోపలో కిందో ఉంటుంది. థర్మోస్టాట్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడకుండా ఎవరి మాటా వినకండి, నా మాటైనా సరే.

కిటికీ షట్టర్లు ఆటోమేట్ చెయ్యాలి...

జర్మనీలో రోలాడెన్ అంటారు. మోటారు ఇప్పటికే ఉంటే సులువు. మోటారుకు పైకి ఒక తీగ, కిందికి ఒక తీగ ఉంటాయి, రెండింటికీ ఒకేసారి కరెంటు వెళ్తే మోటారు కాలిపోతుంది. కాబట్టి రెండు మామూలు రిలేలతో సర్దుకోకుండా షట్టర్ల కోసమే చేసిన మాడ్యూల్ పెట్టించండి. చేత్తో లాగే పట్టీ ఉంటే, ఆ పట్టీనే చుట్టే గోడ మోటార్లు దొరుకుతాయి, అద్దె ఇంటికి బాగుంటాయి. బాల్కనీ తలుపు షట్టర్‌కు డోర్ సెన్సర్ జత చేయండి, మీరు బట్టలు ఆరేస్తుండగా అది దిగిపోతే చలిలో బయట నిలబడాలి.

స్మార్ట్ తాళం?

అమెరికా తాళాలు ఇక్కడి తలుపులకు పట్టవు. యూరప్‌లో ఎక్కువ తలుపులకు యూరో ప్రొఫైల్ సిలిండర్ (తాళంచెవి దూరే భాగం) ఉంటుంది. ఆస్ట్రియా కంపెనీ నూకి చేసేలాంటివి లోపలివైపు తాళంచెవి మీదే కూర్చుని దాన్ని తిప్పుతాయి, బయట ఏమీ కనపడదు. లోపల తాళంచెవి ఉండగానే బయటనుంచి ఇంకో చెవితో తెరవగలిగే సిలిండర్ అయి ఉండాలి. మీ తలుపుకు అలా తెరుచుకుంటుందో లేదో ఈరోజే ఇంట్లో ఒకరిని లోపల ఉంచి చూడండి. బ్రిటన్, ఐర్లండ్‌లో ప్లాస్టిక్ తలుపులు చాలావాటికి హ్యాండిల్ పైకెత్తితేనే తాళం పడుతుంది, ఆ ఎత్తే పని మోటారు చెయ్యలేదు.

డోర్‌బెల్ కెమెరా పెట్టుకోవచ్చా?

మీ గుమ్మం వరకే కనపడేలా అయితే పర్వాలేదు. వీధి, పక్కింటివాళ్ళ తలుపు, ఉమ్మడి మెట్లు పడితే చిక్కే. 2014 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెక్ దేశపు కేసులో, ఇంటి కెమెరా అయినా బహిరంగ స్థలాన్ని రికార్డు చేస్తే అది పూర్తిగా సొంత వ్యవహారం కాదని తేల్చింది. డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది. జర్మనీలో పక్కింటివాళ్ళు దీన్ని చాలా పట్టించుకుంటారు, అది వాళ్ళ హక్కు కూడా. పాత గంటకు ట్రాన్స్‌ఫార్మర్ చాలాచోట్ల 8 వోల్టులదే, కెమెరాకు ఎంత కావాలో చూసుకోండి.

కరెంటు వాడకం ఫోన్‌లో కనపడాలంటే?

నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్ళది అదృష్టం. స్మార్ట్ మీటర్‌కు పీ1 అనే పోర్టు ఉంటుంది, టెలిఫోన్ ప్లగ్ లాంటిది, దానికి చిన్న రీడర్ గుచ్చితే చాలు. మీటర్ పాతదైతే రీడర్‌కు విడిగా కరెంటు ఇవ్వాలి. బెల్జియంలోనూ ఇదే పోర్టు. జర్మనీ డిజిటల్ మీటర్లకు ముందు ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటుంది, అయస్కాంతంతో అతుక్కునే రీడర్ దొరుకుతుంది. ముందు నెట్‌వర్క్ కంపెనీని పిన్ అడిగి, టార్చిలైటు వెలిగిస్తూ ఆర్పుతూ మీటర్‌లోకి ఆ పిన్ ఎక్కించాలి. విచిత్రంగా ఉన్నా పద్ధతి అదే.

స్మార్ట్ వస్తువులూ కరెంటు తాగుతాయి. ఒక్కోటి ఒక వాట్ అనుకుంటే ఏడాదికి దాదాపు 8.8 యూనిట్లు. ముప్పై ప్లగ్గులు పెట్టేముందు లెక్క వేసుకోండి.

ఇంటర్నెట్ పోతే? కంపెనీ మూతపడితే?

అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే పాత కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, జనం ఇళ్ళలో యాప్‌లు పనిచేయలేదు. తర్వాత వాడకందారులే కొందరు కలిసి దాన్ని కొని నిలబెట్టారు. అప్పటినుంచి నేను ఏది కొన్నా మొదట ఒక్కటే చూస్తాను: రౌటర్ నుంచి బయటికెళ్ళే కేబుల్ పీకేసినా ఇది పనిచేస్తుందా? జిగ్బీ, జెడ్-వేవ్, మ్యాటర్, షెల్లీ, వీటితో ఆ ధైర్యం ఉంది. ఇన్ని కంపెనీలవి ఒకచోట కలపాలంటే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నెదర్లాండ్స్‌కు చెందిన పౌలుస్ స్కౌట్సెన్ 2013లో మొదలుపెట్టింది, ఇప్పుడు ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటోంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మొదటి రెండు వారాలు ఓపిక కావాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్ళకు ఇవన్నీ ఎలా?

ఈ ప్రశ్న అందరూ చివర్లో అడుగుతారు, నిజానికి కొనేముందే అడగాలి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు హాల్లో అన్నీ స్మార్ట్ బల్బులే. పడుకునేముందు అలవాటు ప్రకారం గోడ స్విచ్ ఆపేసేది, ఇంకేముంది, పొద్దున యాప్ ఎంత నొక్కినా బల్బు పలకదు. నేను "స్విచ్ ముట్టుకోకమ్మా" అన్నాను. ఆ రాత్రి నీళ్ళు తాగడానికి లేచి, స్విచ్ వెయ్యడానికి భయపడి, గోడ పట్టుకుని చీకట్లో నడుస్తూ వంటగదికి వెళ్ళడం చూశాను. మర్నాడే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి బల్బుల బదులు స్విచ్ వెనక మాడ్యూళ్ళు పెట్టించాను. ఇప్పుడు స్విచ్ నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరుతుంది, ఫోన్ నుంచీ నడుస్తుంది. మంచం కింద ఒక మోషన్ సెన్సర్ పెట్టాను, రాత్రి కాలు కింద పెడితే బాత్‌రూమ్ దాకా సన్నని వెలుగు వస్తుంది. అమ్మకు ఆ ఇంట్లో బాగా నచ్చింది అదొక్కటే.

పెట్టె మీద ఏం చూడాలి?

సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకు తగినదని తయారీదారు వేసేది), 230 వోల్టులు, ఆంపియర్లు, ఫ్రీక్వెన్సీ, ప్లగ్ రకం. 2025 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే రేడియో వస్తువులకు యూరోపియన్ యూనియన్‌లో సైబర్ భద్రత నిబంధనలు కూడా వర్తిస్తున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని వస్తువులకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నిషేధం, ఎన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తారో చెప్పి తీరాలి. ఆ తేదీ చూసి కొనండి. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నది మామూలుగా 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇవ్వొచ్చు, కొత్త వస్తువుకు కనీసం రెండేళ్ళ చట్టబద్ధ గ్యారంటీ ఉంటుంది. అందుకే ముందు ఒక్కటే కొని, దాన్ని ఇంట్లో అన్నిటికన్నా దూరపు గదిలో వారం నడిపి చూసి, ఆ తర్వాత మిగతావి ఆర్డర్ పెట్టండి.

ఇల్లు మారుతున్నాం. వస్తువులు ఎలా విప్పాలి?

ముందు యాప్‌లోంచి ఒక్కొక్కటిగా తొలగించి, తర్వాత రీసెట్ చేసి, ఆ తర్వాతే విప్పండి. మ్యాటర్ వస్తువుల మీద క్యూఆర్ కోడ్, 11 అంకెల నంబరు ఉంటాయి. గోడలో పెట్టేముందే వాటి ఫోటో తీసి దాచి ఉండాలి, లేకపోతే కొత్తింట్లో మళ్ళీ కలపలేరు. మాడ్యూళ్ళు ఎలక్ట్రీషియన్ చేతే తీయించి స్విచ్‌లు మునుపటిలా కలిపించండి. రేడియేటర్లకు సంచిలోని పాత తలలు బిగించి, ప్రతిదీ ఒకసారి 5కి, ఒకసారి సున్నాకి తిప్పి చూసి, ఇంటి ఓనర్ తాళాలు తీసుకోవడానికి వచ్చేముందు ఫోటోలు తీసుకోండి.